మొలల ఆపరేషనూ, సిగ్గూ

అరవైల చివర నేను శ్రీకాకుళంలో రిజిస్ట్రారు కచేరీ వరండాలో దస్తావేజులు రాసేవాణ్ణి. చాప మీద మఠం వేసుకుని, ముందు ఏటవాలు పెట్టె పెట్టుకుని, పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చోవడమే నా వృత్తి. ఒకనాటికి ఆ కూర్చోవడమే చేతకాకుండా పోయింది.

రక్తం పడడం మొదలై అప్పటికి రెండేళ్లు. వేడి చేసిందనుకున్నాను. మా ఆవిడ ఆవపెట్టి వండితే ఆవ మీదా, ఉల్లికారం చేస్తే కారం మీదా నేరం మోపి కంచం తోసేసేవాణ్ణి. ఆవిడ మా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ 'బావా' అని పిలిచే అలవాటు పెళ్లయ్యాక కూడా పోలేదు. నేను కంచం తోస్తే మర్నాడు చప్పిడి కూర చేసేది. దాని మీదా నాకు కోపమే.

ఆమదాలవలసలో ఒకాయన పసరు రాసి మొలలు రాలగొడతాడంటే ఎవరికీ చెప్పకుండా వెళ్లాను. మొలలు రాలలేదు, చర్మం కాలింది. పది రోజులు బోర్లా పడుకున్నాక, దారి లేక, విజయనగరంలో ఒక సర్జను దగ్గరికి వెళ్లాను.

ఆయన పరీక్ష చేసి, నా మొహం చూసి, మందుల చీటీ వెనక్కి తిప్పి ఒక బొమ్మ గీశారు. మలద్వారం లోపల రక్తనాళాలతో మెత్తని దిండ్లలాంటివి ఉంటాయనీ, అవి పుట్టుకతో అందరికీ ఉండేవేననీ చెప్పారు. గంటల తరబడి కూర్చుని, నీళ్లు తాగక, గట్టిపడిన దాన్ని ముక్కి ముక్కి బయటికి తెస్తుంటే అవి ఉబ్బి కిందికి జారతాయి. వాటినే మనం మొలలంటాం. మీవి చెయ్యి పెట్టి లోపలికి తోస్తే గాని వెళ్లని స్థితికి వచ్చాయి కనుక కొయ్యక తప్పదన్నారు.

"కుట్లు ఎన్ని పడతాయండీ?" అన్నాను.

"పైన కుట్లు వెయ్యను. మొదలు దగ్గర దారంతో బిగించి కోసేస్తాను. పుండు అడుగు నుంచి మానుకుంటూ రావాలి. కోసినచోటికీ కోసినచోటికీ మధ్య కొంచెం మంచి చర్మం వదిలిపెడతాను. లేకపోతే మానేటప్పుడు ద్వారం ఇరుకైపోతుంది."

రక్తం పడినంత మాత్రాన అన్నీ మొలలే అయి ఉండవనీ, లోపల వేరే జబ్బు ఉండొచ్చు కనుక చూపించుకోకుండా ఎవరూ ఊహించుకోకూడదనీ కూడా అన్నారు. ఆ మాట నాకు సంబంధించింది కాదన్నట్టు విన్నాను.

వెన్నులో సూది ఇచ్చి, కాళ్లు పైకెత్తి కట్టారు. సర్జను, ఒక కుర్ర డాక్టరు, ఇద్దరు నర్సులు. నడుం కింద నాకు ఏమీ తెలియలేదు, కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నాను. కచేరీలో వాళ్లకి ముందే అపెండిసైటిస్ అని చెప్పి వచ్చాను. నిజం తెలిసినవాళ్లు ఇద్దరే. మా ఆవిడ, పిల్లల్ని చూసుకోడానికి వచ్చిన మా అత్త.

మత్తు దిగాక వచ్చిన నొప్పి గురించి ఎక్కువ చెప్పను. నొప్పి కంటే భయం పెద్దది. మొదటిసారి దొడ్డికి వెళ్లడం తలుచుకుని అన్నం మానేశాను, నీళ్లు కూడా గుటకలు లెక్కపెట్టుకుని తాగాను. మంచం పక్కన కింద కూర్చున్న మా ఆవిడ రెండు రోజులు చూసింది.

"తినకపోతే ఎల్లక్కర్లేదనుకుంటన్నావేటి బావా? కడుపు మాడ్సుకుంటే మరీ గట్టిపడి వస్తాది. అప్పుడు సూడు నీ పని. తాగు."

మర్నాడు సర్జను కూడా అదే చెప్పి కోప్పడ్డారు. నాలుగో రోజున గండం గడిచింది. ఆ తర్వాత తొట్టెలో గోరువెచ్చని నీళ్లు పోసి, పొటాసియం పర్మాంగనేటు చిటికెడు వేసి, రోజుకి మూడుసార్లు కూర్చోమన్నారు. ఆవిడ తొట్టెను గోడ వారగా పెట్టేది, లేచేటప్పుడు పట్టుకోడానికి. నీళ్లలో మోచెయ్యి ముంచి వేడి చూసేది. ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే చేసేది. "నీకెలా తెలుసు?" అంటే, "తెల్సు" అంది, అంతే.

పదో రోజున ఇంటికి పంపారు. విజయనగరం నుంచి ఆమదాలవలస దాకా పాసింజరు బండిలో తలుపు దగ్గర నిలబడే వచ్చాను. గరివిడి దగ్గర ఒక పెద్దాయన పక్కకి జరిగి, "కూకో బావూ, సోటున్నాది" అన్నాడు. ఫరవాలేదన్నాను. "ఎంత మరేద!" అని పక్కనున్నవాళ్లకి చెప్పాడు. మా ఆవిడ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంట్లో కూర్చోడానికి నాకు ఒక చుట్టకుదురు ఇచ్చింది. కుండ కింద పెట్టేదాని కంటే పెద్దది, పాతచీరతో చుట్టింది. పుండుకి నేల తగలకుండా దాని మీద కూర్చోవచ్చు. అది కొత్తది కాదు. నలిగి, పల్లం పడి ఉంది. అది కూడా నేను పట్టించుకోలేదు. పొద్దస్తమానం మూలిగేవాణ్ణి. నీళ్లు చల్లారాయని కేకలు, అంబలి చిక్కగా ఉందని కేకలు.

మా అత్త నన్ను చంకలో వేసుకుని తిప్పిన మనిషి. ఆవిడకి అల్లుడన్న మొహమాటం లేదు. ఒకరోజు మా ఆవిడ నూతికి వెళ్లినప్పుడు నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒరే, నువ్వు పదిరోజులకే ఇల్లు పీకి పందిరేస్తన్నావు. ఆ సుట్టకుదురు ఎవులిదనుకున్నావు?"

"నాకోసమే చేసింది కదా?"

"నీకోసం! రెండో కానుపు కాణ్ణించీ అది దాని మీదే కూకుంటన్నాది. ఆరేళ్లు. రగతం పోయి పోయి మనిషి పాలిపోనాది. నువ్వు సూసినావా? నీకు కంచం తొయ్యడానికే టైమంతా సరిపోనాది."

అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ నాకు గుర్తే లేదు. రెండోవాడు పుట్టిన కొత్తలో ఒక ఉదయం, మా అత్త వింటుండగానే, రక్తం పడుతోంది, ఆసుపత్రికి తీసుకెళ్లు బావా అని ఆవిడ అడిగింది. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "మగ డాక్టరు ముందు చీరెత్తుకుని పడుకుంటావా? సిగ్గులేదూ?" అన్నాను. అని, కచేరీకి టైమైందని వెళ్లిపోయాను. ఆవిడ మళ్లీ అడగలేదు.

నూతి నుంచి వచ్చిన మనిషిని ఆ రోజే మొదటిసారి సరిగ్గా చూశాను. ఒక్క బిందెకే రొప్పుతోంది. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల తెల్లగా ఉంది. సర్జను చెప్పిన మాట, అన్నీ మొలలే అయి ఉండవన్న మాట, అప్పుడు చెవిలో మోగింది.

"రేపే విజయనగరం వెళ్దాం" అన్నాను.

"నానెక్కడికీ రాను."

"ప్రాణం మీదికొస్తుంది."

"ఏటి సెప్తన్నావు బావా! నువ్వు మగోడివి. బల్ల మీద కాళ్లెత్తుకుని పడుకుని వచ్చినావు. వచ్చి ఊరికేటి సెప్పినావు? కడుపులో పేగన్నావు. నీకే అంత సిగ్గైతే, నాను ఏ మొహం పెట్టుకుని ఎల్తాను?"

వారం పాటు రోజూ బతిమాలాను. ఆవిడ కూడా రోజూ అదే మాట అంది.

నెల దాటాక, పుండు చాలావరకు మానాక, కచేరీకి వెళ్లాను. తోటి లేఖరులు నలుగురూ చుట్టూ చేరారు. వాళ్లలో పెద్దాయన, అందరం మావా అని పిలిచే ఆయన, ముక్కుపొడుం పట్టు పట్టి, "ఏదొరే, పేగు కోసిన మచ్చ సూపించు. ఎంత పొడుగు కోసినారేటి?" అన్నాడు.

చొక్కా అంచు మీద చెయ్యి వేసుకుని ఉండిపోయాను. ఇంకో అబద్ధం నోటి దాకా వచ్చింది. ఆవిడ బిందె దింపి రొప్పడం కళ్ల ముందు మెదిలింది.

"పేగు కాదు మావా. మొలలు. సిగ్గుపడి అబద్ధం చెప్పాను."

పెద్దాయన రెండు చేతులూ ఎత్తి, "అయితే మచ్చ సూపించకొరే, నీకు దండం!" అన్నాడు. వరండా అంతా నవ్వింది. స్టాంపులు కొనడానికి వచ్చిన రైతులు కూడా కారణం తెలియకపోయినా నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. నవ్వులు అయ్యాక పెద్దాయన నా చాప దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "కోస్తే నిజంగా తగ్గుతాదేటిరా? నాకూ పదేళ్లుగా ఉన్నాది" అన్నాడు. ఆ సాయంత్రంలోగా మరో ఇద్దరు విడివిడిగా వచ్చి అడిగారు. కూర్చునే పనివాళ్లం, అందరం ఒకరి నుంచి ఒకరం దాచుకుంటూ పక్కపక్కనే కూర్చున్నాం.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ చేటలో చోళ్లు చెరుగుతోంది. అత్త గుమ్మంలో ఉంది. ఇద్దరూ వినేలా చెప్పాను. "కచేరీలో చెప్పేశాను, మొలలని. ఆరేళ్ల కింద నేనన్న మాట తప్పు. సిగ్గుపడవలసింది నేను."

"అది తెల్సుకోడానికి ఆరేళ్లు పట్టినాదేటిరా నీకు!" అంది అత్త.

మా ఆవిడ చేట ఆపింది. "నవ్వినారా?"

"నవ్వారు."

"ఎంతసేపు?"

"చాలాసేపు."

ఇంకో రెండు చేటలు చెరిగి, తల ఎత్తకుండానే, "ఆడ డాక్టరుంటే వస్తాను" అంది.

విజయనగరంలోనే ఒక లేడీ డాక్టరు చూశారు. వేరే జబ్బేమీ లేదు, మొలలే. కాని రక్తం బాగా తగ్గిపోయింది. రెండు నెలలు ఇనుము మాత్రలు, ఆకుకూరలు, ఆ తర్వాత ఆపరేషను. తిరిగి వచ్చేటప్పుడు బండి కిటికీలోంచి చూస్తూ ఆవిడ, "మొదట్లోనే వస్తే కత్తి అక్కర్నేకపోయేది, తిండితోనే సర్దుకునేదంట" అంది. నింద వేసినట్టు అనలేదు, డాక్టరు చెప్పిన మాటే చెప్పింది. నేను తల దించుకున్నాను. ఆ మాట బరువు ఈనాటికీ తగ్గలేదు.

ఆపరేషను అయిన నాలుగో రోజు, వార్డు చివరి పాకీదొడ్డిలోంచి ఆవిడ అరుపు విన్నాను. ఆరేళ్లలో ఆవిడ నొప్పి నా చెవిన పడడం అదే మొదలు. నర్సు వచ్చి, "కొంచెం నెమ్మదిగా ఉండమనండి, పేషెంట్లు పడుకున్నారు" అంది.

"అరవనీండమ్మా" అన్నాను.

నర్సు వింతగా చూసి వెళ్లిపోయింది. లోపలి నుంచి ఆవిడ నన్నూ, నా తెలివినీ, నన్ను చూసి పిల్లనిచ్చిన తన తండ్రినీ వరసగా తిట్టడం మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.