పోయొస్తానని చెప్పకుండా

ఎనిమిదో తరగతిలో బళ్లోంచి లేచి వచ్చేసినాను. ఒక్కరూ ఆపలేదు. అయివారైతే దోవ కూడా ఇచ్చినాడు. అదే చుట్టాలింట్లో లేచి చూడండి! "అప్పుడేనా?" అని ఒకరు, "ఫోటోలయినంక పోదువులే" అని ఇంకొకరు. ఆర్నెల్లు గుర్తుకు రానోణ్ణి, చెప్పుల్లో కాలు పెట్టేసరికి అందరికీ ప్రాణమైపోతాను.

నలుగురిలో నా నోరు రెండు గంటలే ఆడతాది. అంతసేపూ నవ్విస్తా. ఆ తర్వాత మొగం వేలాడిపోతాది. నవ్వించేవాడు నోరు మూస్తే జనం ఊరుకుంటారా? "ఏమప్పా, షుగరా?" అంటారు.

చంద్రగిరిలో మా అక్క కొత్తింట్లో చేరింది. తొమ్మిదికి పాలు పొంగించే పొద్దుకే తిరుపతి నుంచి పోయినాను. పదకొండుకల్లా నాలో సరుకు అయిపోయింది. భోజనాలయినంక బావ వాళ్ల పెదనాయన నన్ను సోఫాలో పక్కన కూర్చోబెట్టుకుని, మోకాళ్ల ఆపరేషన్ గురించి మొదలుపెట్టినాడు. ఎడమ మోకాలికే గంట పట్టింది. కుడిది ఇంకా ఉండాది.

"నీళ్లు తాగొస్తా" అని లేచి, పెరటి దోవన జారుకున్నాను. ఆటోలో కూర్చుని నా తెలివికి నేనే మురిసిపోతా ఉంటే అక్క ఫోను.

"రేయ్, నా ఇంట్లో ఎవురు సచ్చినారని చెప్పకుండా పోయినావురా?"

నా నవ్వు ఆగిపోయింది. మా వైపు చావింటి నుంచే గదా, పోయొస్తానని చెప్పకుండా లేచొచ్చేది! పాలు పొంగిన ఇంట్లో నేను ఆ పని చేసొచ్చినాను.

"మా అత్త సూసింది. తొలిరోజే అపశకునమని పూజగదిలో కూర్చోనుండాది. ఈ ఇంట్లో నేనెట్ల కాపరం చేసేదిరా?" అక్క ఏడుస్తా ఉంది.

ఆటో వెనక్కి తిప్పమన్నాను.

"ఏమన్నా మరిసిపోయినారా సార్?" అన్నాడు డ్రైవరు.

"ఒక మాట."

ఈసారి వీధి వాకిట్లోంచే పోయినాను. హాలు నడిమధ్య నిలబడి, పూజగదిలోకి వినపడేట్టు అరిచినాను: "అక్కా, పోయొస్తా! అత్తా, పోయొస్తా!"

లోపల్నించి అత్త గొంతు: "మంచిది నాయినా, పోయిరా."

అక్క కళ్లు తుడుచుకుంది. మొగం తేటపడింది. ఇంక బతికిపోయినాననుకున్నా.

"పోదువులే, ఉండు. కాఫీ పెడతా ఉండాను" అనింది.

సోఫాలో పెదనాయన జరిగి నాకు చోటిచ్చి, కుడి మోకాలి మీద చెయ్యేసుకున్నాడు.