పిల్లికూన మింగిన పురికొస

పర్చూరు దగ్గర పశువుల ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో నాకు గేదెలూ ఎద్దులే లోకం. పిల్లిని వైద్యానికి తెచ్చేవాళ్ళు అరుదు. తెచ్చినా ముందు ఇంట్లో గేదె వైద్యం ఒకటి చేసేశాకే తెస్తారు. ఆ అలవాటు మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒకరోజు ఒక పొగాకు రైతూ ఆయన భార్యా పిల్లికూనను గోనెసంచిలో పెట్టుకొచ్చారు. తల్లి చచ్చిపోతే పాలలో దూదివత్తి ముంచి చీకిస్తూ ఆమే దాన్ని బతికించుకుందట. ఇప్పుడు ఏం పెట్టినా కక్కేస్తోంది.

“వాడరేవు నుంచి తెచ్చిన ఎండుచేపల కట్టకున్న పురికొస మింగిందండీ” అందామె.

“పొట్ట ఉబ్బిందని ఆముదం పోయించా. మా గేదెకి అదే పనిచేసింది” అన్నాడాయన గొప్పగా.

“ఇది గేదెటయ్యా?” అన్నాను.

“పిల్లి కోసం ఇంత హంగామా ఏంటంటే ఇది వింటేగా” అని భార్యను చూపించి నవ్వాడు.

కూన నోరు తెరిచి నాలుక ఎత్తి చూశాను. పురికొస నాలుక మొదట్లో చుట్టుకుని బిగుసుకుపోయింది. మిగతాదంతా లోపలికి పోయింది. పొట్ట తడిమితే పేగు ముద్దగా తగిలింది. పైకొస అలా చిక్కుకుంటే, బొందు లాగిన లంగాలా పేగు కుచ్చులు పడుతుంది. కింది నుంచి లాగితే పురికొస పేగును కోసేస్తుంది.

“ఎవరైనా లాగారా?”

“నిన్న తోక కింద కొస కనబడితే నేనే లాగా. ఓ మూర వచ్చి తెగింది. ఈనేటప్పుడు దూడని లాగమా అండీ?” అందామె.

ఆమెను వరండాలో కూర్చోమని, కాళ్ళు పట్టుకోవడానికి ఆయన్ని లోపల ఉంచుకున్నాను. మత్తిచ్చి, నాలుక కింద పురికొస కత్తిరించి, పొట్ట కోశాను. పేగు పొడుగునా చిల్లులు, పొట్టనిండా చీము. కుట్టగలిగినవి కుట్టాను. కూన బల్ల మీదే పోయింది.

“లాగినందుకేనా?” అన్నాడాయన మెల్లిగా.

“అవును. లాగకుండా తెచ్చుంటే బతికేదేమో.”

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “ఆ మాట దానితో అనబాకండి డాక్టరు గారూ. నా ఆముదమే చంపిందని చెప్పండి. నన్ను తిట్టుకుంటే తేలికపడుద్ది.”

అంతసేపూ ఆయన మీదున్న చిరాకు నాకు ఒక్కసారిగా పోయింది. ఆముదం కూడా చెడే చేసి ఉంటుంది కాబట్టి పూర్తి అబద్ధం కాదని సర్దిచెప్పుకుని, కూనతో వరండాలోకి వెళ్ళి అలాగే చెప్పాను.

ఆమె కూనను ఒళ్ళోకి తీసుకుని భర్త వైపు తిరిగింది. “పొయ్యొద్దని మొత్తుకున్నా, విన్నావా? నీ వైద్యం తగలెయ్యా!”

“నాదే తప్పులేవే” అంటూ ఆయన మోటారుసైకిల్ తీశాడు. వెనక కూర్చుని ఆమె ఏడుస్తూ తిడుతూనే ఉంది. బండి మలుపు తిరిగేదాకా నాకు వినబడుతూనే ఉంది. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.