టేకు గొట్టం లోపలి గీత

దయ్యాల్ని నేను నమ్మను. గౌలిపురలో పుట్టి పెరిగాను, శ్మశానం పక్క దారిలో సైకిల్ తొక్కి డ్యూటీకి పోయాను. నాకెవరూ కనబడలేదు. ఆ దసరా సంగతి మాత్రం ఎవరైనా తేల్చి చెబితే కూర్చుని వింటాను.

డెబ్బైల్లో నేనొక సర్కారు కార్ఖానాలో చేసేవాణ్ణి. ఇత్తడి పోత పోసే ముందు అదే ఆకారాన్ని చెక్కతో చేసివ్వడం నా పని. మా నాన్న, బాపు, ఆయన కూడా వడ్రంగే. తప్పు చేస్తే ఆయన నోటితో చెప్పేవారు కాదు. ఉక్కు సూదితో చెక్క మీద కాకికాలు లాంటి గుర్తు గీసి వెళ్లిపోయేవారు. అందులో ఎడమ గీత ఎప్పుడూ పొట్టి. అక్కడ కోస్తే సరిపోయేది. నాకు ఒళ్లు మండేది. ఇక పనికిరాదనుకున్న చెక్కకైతే గుర్తు కూడా ఉండదు, నేరుగా పొయ్యిలోకే.

బాపు పోయాక, ఇంటి తలుపుల కోసం ఆయన దాచిన టేకు పలకలు మిగిలాయి. వాటితో దూరదర్శిని చేస్తానన్నాను. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో పనిచేసే మా అన్న మండిపడ్డాడు.

"బాపు టేకుతోని ఆటలాడుతున్నవా? దసరా నాటికి చంద్రుణ్ణి సూపియ్. లేకుంటే గదే రంపంతోని కోపిచ్చి దర్వాజ చేపిస్త."

"సూపిస్త అన్నా. సూసినంక మల్ల మాట్లాడొద్దు," అన్నాను.

గాజును నెలల తరబడి నేనే అరగదీసి అద్దం చేశాను. ఎనిమిది పలకలు కలిపి, ఒక్క మేకు లేకుండా గొట్టం కట్టాను. ఎవరి నమూనా చూడలేదు. లోపలంతా రందాతో నున్నగా చిత్రిక పట్టి, దీపపు మసి కలిపిన నల్ల రంగు వేశాను. దసరా పొద్దున అద్దం బిగించేటప్పుడు లోపల చిన్న గీటు కూడా లేదు. దాన్ని మిద్దె మీది గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా మొలతాడుకే కట్టుకున్నాను.

ఆ తర్వాతే పనిముట్లన్నీ అమ్మ కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి దేవుని ముందుంచింది. బాపు సూది కూడా వాటిలోనే ఉంది. మా ఇంట్లో ఆ రోజు వాటినెవరూ ముట్టరు.

సాయంత్రం జమ్మి ఆకు పంచుకున్నాక అన్న మిద్దె ఎక్కాడు. కన్ను పెట్టి చూస్తే చంద్రుడు మసక ముద్ద. ఎంత సర్దినా అంతే.

"రంపం యాడుంది?" అన్నాడు అన్న.

కిందికి దిగి పూజలోంచి మరలు విప్పే పేచ్‌కస్ తీశాను. "ఇయ్యాల ముట్టద్దు బిడ్డా," అంది అమ్మ.

"ముట్టకుంటే నా దుర్బీన్ పోతదమ్మా. దేవునికి నేను చెప్పుకుంట."

పైకొచ్చి గొట్టం అడుగు విప్పి లాంతరు పెట్టాను. అద్దానికి వేలి వెడల్పు పైన, నల్ల రంగును చీల్చుకుని తెల్లగా కాకికాలు. ఎడమ గీత పొట్టి.

అప్పుడు నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. అయినా అద్దాన్ని ఆ గుర్తు దగ్గరికి జరిపి బిగించాను.

అన్న కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు. "గుంతలు గుంతలున్నయ్ రా," అన్నాడు మెల్లగా. తర్వాత మోకాళ్ల నొప్పుల అమ్మను తానే పట్టుకుని పైకి తెచ్చాడు. రంపం మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు తప్పు దొరికింది. పోసిన లోహం చల్లారితే కుంచించుకుపోతుందని మా కార్ఖానా స్కేళ్లు కాస్త పొడుగ్గా ఉంటాయి. అలవాటుకొద్దీ అదే స్కేలుతో గొట్టం కొలిచాను. ఎక్కువైంది సరిగ్గా వేలి వెడల్పు.

పనిముట్లు సర్దుతుంటే బాపు సూది మొన మీద, కుంకుమ కింద, గొట్టం లోపలి రంగు మసి కనిపించింది. తుడిచే పెట్టానని అమ్మ ఒట్టేసింది. అన్నకు సూది పట్టుకోవడమే రాదు.

దయ్యాలు లేవు. ఆ మాట మీదే ఉన్నాను, ఎవరొచ్చినా వాదిస్తాను. ఆ గీత ఎవరు గీశారో మాత్రం నాకు తెలియదు. దాని మీద ఇప్పటికీ రంగు వేయలేదు. పనికిరాని చెక్క మీద బాపు గుర్తు పెట్టేవారు కాదు.