పీకేస్తే ఏమీ ఉండదు

“వైఫై పేరు కుట్టు మేడట. ఎవరి మేడ?”

“బట్టలు కుట్టే ఆవిడది. చెప్పానుగా.”

“బట్టలు కుట్టించుకోవడానికి వైఫై ఎందుకే? సూదిలో దారం ఎక్కించడం ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకుంటోందా ఆవిడ?”

“అడిగాను, ఇచ్చింది. వాడుకున్నాను.”

“ఎన్నిసార్లు?”

లోపలి గదిలో అల్మారా తలుపు ధడాలున పడింది.

“పాస్‌వర్డ్ కూడా చదవనా? ఇదిగో, ఫోన్లో ఫొటో ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. తలుపు తీసే ఉంది! అబ్బో! ఎవరికోసం తీసి ఉందే ఆ తలుపు?”

హాల్లో నేలమీద పాత దుప్పటి పరిచి, దానిమీద ఎవరిదో ప్రింటరు విప్పుకుని కూర్చున్న మరిది చేతిలో స్క్రూడ్రైవర్ అక్కడే ఆగిపోయింది. గోడలకు చెవులుంటాయో ఉండవో గానీ ఆ ఇంట్లో గోడ సన్నం. లోపల ఊపిరి పీల్చినా హాల్లో వినిపిస్తుంది. లోపల అన్నయ్య వదినకి ఆ మాటలు చదివి వినిపించగానే అతనికి అంతా అర్థమైంది. ఆ మాటలు అన్నయ్య ఫోన్లోకి వచ్చాయంటే దారి ఒక్కటే. ఆ దారి వేసింది తనే.

వదిన ఆ ఇంటికి వచ్చినప్పుడు బట్టల పెట్టెతో పాటు ఒక హెడ్‌ఫోనూ, కాలికింద పెట్టుకునే పెడలూ తెచ్చుకుంది. డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి రికార్డు చేసి పంపిస్తే, అది విని టైపు చేసే పని ఆమెది. పెడల్ తొక్కితే గొంతు నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. “ఈ ఇంట్లో నేను ఆగమంటే ఆగేది ఇదొక్కటేనయ్యా మరిదిగారూ” అనేది. ఏ డాక్టరు జలుబుతో మాట్లాడుతున్నాడో, ఎవరు ఏదో నములుతూ గుండెపోటు సంగతి చెబుతున్నారో అనుకరించి చూపించేది. ఆమె కళ్ళు మూసుకుని టైపు చేస్తుంటే, వేళ్ళ చప్పుడు రేకులమీద వాన పడుతున్నట్టు ఆగకుండా వచ్చేది.

అన్నయ్య మొదట్లో ఏమీ అనలేదు. తర్వాత ఒకరోజు హెడ్‌ఫోన్ తీసి తన చెవికి పెట్టుకుని విన్నాడు. “పొద్దస్తమానం పరాయి మగాళ్ళ గొంతులు చెవిలో పెట్టుకుని కూర్చోవడమేనా నీ పని?” అన్నాడు. వాళ్ళు మాట్లాడేది మూత్రపిండాల్లో రాళ్ళ గురించండీ అని ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు అక్కడే పోయింది. పని మానేసింది. పెడల్ అటకెక్కింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం అన్నయ్య చెమట చొక్కా విప్పకముందే ఆమె లాప్‌టాప్ తెరిచి ఏమేం చూసిందో తిరగేసేవాడు. కోపం వస్తే కొందరు అన్నం మానేస్తారు. అన్నయ్య ఇంటి వైఫై పాస్‌వర్డ్ మార్చేవాడు.

మరిది కాలేజీ మధ్యలో వదిలేసి ఇంట్లో పడ్డవాడు. అన్నయ్య అతన్ని ‘సగం చదువు’ అని పిలిచేవాడు. చుట్టుపక్కల వాళ్ళ కంప్యూటర్లు బాగుచేస్తూ హాల్లో ఓ మూల బతికేవాడు. నీతులు చెప్పని మనిషి ఆ ఇంట్లో వదిన ఒక్కతే. ఒక పొద్దున అన్నయ్య ఆఫీసుకు వెళ్ళాక వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

“ఒక మాటడుగుతా, ఎగతాళి చెయ్యకు. ఈ లాప్‌టాప్‌కి తెలియకుండా ఈ లాప్‌టాప్‌ని వాడుకోవచ్చా?”

ఎగతాళి చెయ్యాల్సిన ప్రశ్న కాదది. అతని జీవితంలో ఎవరైనా అడిగిన వాటిలో అంత మంచి ప్రశ్న లేదు. ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ అని, కంప్యూటర్‌ని నడిపే ఇంకో వ్యవస్థ మొత్తం ఎక్కించి ఇచ్చాడు. అది గుచ్చి మిషన్ ఆన్ చేస్తే పెన్‌డ్రైవ్‌లోంచే లేస్తుంది. లోపలి డిస్కు నిద్ర లేవనే లేవదు.

“సత్రంలో దిగినట్టు వదినా. ఉన్నంతసేపూ నీది. పీకేస్తే ఏమీ ఉండదు.”

“ఏమీ?”

“ఏమీ.”

ఆ మాట గట్టిగానే అన్నాడు. ఆ మాట నమ్ముకునే ఆమె మళ్ళీ పని తెచ్చుకుంది. ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నరోజు ఉన్నట్టు, లేనిరోజు లేనట్టు. అందుకని పక్కవీధిలో బట్టలు కుట్టే ఆవిడ దగ్గరికి లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్ళేది, పైన గుడ్డముక్కలు కప్పి. కింద కుట్టుమిషన్లు, పైన మేడమీద రెండు గదులు. ఆవిడ మిషన్ తొక్కుతుంటే, అటక దిగివచ్చిన పెడల్ ఈమె తొక్కేది. “ఇద్దరం కాళ్ళతో బతికేవాళ్ళమే” అని ఆవిడ అనేదట. ఆ గదుల్లో ఒకటి, వచ్చి ఉండిపొమ్మని, ఆవిడ ఆమెకే ఇస్తానంది. ఈ సంగతి వదిన మరిదికొక్కడికే చెప్పింది, ఉల్లిపాయలు తరుగుతూ, కళ్ళనీళ్ళు ఉల్లిపాయల మీదికి నెట్టేస్తూ. “బల్ల ఉంది. కిటికీ ఉంది. తలుపుకి గడియ లోపలివైపు ఉంది.”

అంతా సవ్యంగా నడుస్తున్నప్పుడు అతను ఒక మేలు చేశాడు.

పెన్‌డ్రైవ్ ప్రతిసారీ అన్నీ మరిచిపోతుంది కాబట్టి, వైఫై పాస్‌వర్డ్ ప్రతిసారీ కొట్టాలి. వదిన విసుక్కుంది. “తలుపు తీసే ఉంది అని పెట్టింది గానీ మహాతల్లి, ఆ తలుపు ప్రతిసారీ ఇంత పొడుగున తట్టాలి.” అతను నవ్వి, పెన్‌డ్రైవ్‌లోనే ఓ మూల కొంచెం చోటు వేరుచేశాడు. ఇక కొట్టక్కర్లేదు, అదే గుర్తుంచుకుంటుంది.

“ఈ మూలకి తాళం వెయ్యనా? ఆన్ చేసినప్పుడల్లా ఇంకో పాస్‌వర్డ్ అడుగుతుంది.”

“ఇంకోటా? బాబ్బాబు, ఉన్నవే మొయ్యలేక చస్తున్నా.”

సరేలే అన్నాడు. తాళం లేని ఆ మూలలో వైఫై పేరూ, దాని పాస్‌వర్డూ మామూలు అక్షరాల్లో పడి ఉంటాయి. పెన్‌డ్రైవ్ చేతికొచ్చినవాడు ఇంకో లినక్స్ మిషన్‌లో గుచ్చి చూస్తే చాలు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ చెప్పలేదు. దాచాలని కాదు, నోటిదాకా రాలేదంతే. ఆమెకు మాత్రం మొదటి మాటే మిగిలింది, పీకేస్తే ఏమీ ఉండదు.

ఖాళీదని నమ్మింది కాబట్టే దాన్ని దాచలేదు. తాళంచెవుల గిన్నెలో పడేసేది, తెగిపోయిన గుండీలతో పాటు.

మొన్న అది కనిపించలేదు. “పోతే పోనీలే. అందులో ఏముంది గనక? నువ్వు ఇంకోటి చేసిద్దువుగాని” అంది వదిన. అందులో ఏముందో అతనికి తెలుసు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పకుండా మంచం కిందా, సోఫా సందుల్లోనూ ఒక్కడే వెతికాడు. ఆ వేళకే అన్నయ్య దాన్ని తన కంప్యూటర్లో గుచ్చడం, ఇది చదవలేను, ఫార్మాట్ చెయ్యమంటావా అని అది అడగడం, అన్నయ్యకు అనుమానం రావడం, ఆఫీసులో కంప్యూటర్లు చూసే అతని చేతిలో పెట్టడం అన్నీ అయిపోయాయి. అతనెవరో మంచి పనివాడే. టీ చల్లారేలోపు తెరిచి చూపించాడట.

లోపలినుంచి అన్నయ్య హాల్లోకి వచ్చాడు.

“ఒరేయ్ సగం చదువూ, ఆ పెన్‌డ్రైవ్ సంగతి నీకేమైనా తెలుసా?”

మరిది తలొంచుకుని ప్రింటరు స్క్రూ ఒకటి తిప్పసాగాడు. గుమ్మంలోంచి వదిన అంది:

“వాడికేం తెలుసు, స్క్రూలు తిప్పడం తప్ప? నేనే కొన్నాను.”

అన్నయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “రేపు నాకు సెలవు. నేనే వెళ్తా ఆ మేడకి. తలుపు తీసే ఉంటుందిగా.” మళ్ళీ లోపలికి పోయాడు. వదిన వెనకాలే వెళ్ళింది. ఈసారి గోడ ఎంత సన్నమైనా మాటలు అందలేదు. ఆమె గొంతు ఒక్కటే, చాలా తగ్గి, అడుగుతున్నట్టు కాదు, ఒప్పుకుంటున్నట్టు. కాసేపటికి అన్నయ్య తువ్వాలు భుజానేసుకుని స్నానాల గదిలోకి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడులోంచి కూనిరాగం వినిపించింది.

మరిది వంటింట్లోకి వెళ్ళాడు. వదిన గ్లాసులు కడుగుతోంది.

“వదినా, నేను...”

“ముందు మంచినీళ్ళు తాగు. అరుచుకున్నది మేమైతే గొంతు ఎండింది నీకు.”

తాగలేదు. “లాప్‌టాప్‌లో ఉండదన్నాను. అది నిజమే. కానీ పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. పాస్‌వర్డ్ నువ్వు కొట్టక్కర్లేకుండా చేశానే, అది ఎక్కడో ఓ చోట రాసిపెట్టుకోవాలి కదా...”

ఆమె చేతిలో గ్లాసు కుళాయి కింద నిండి పొర్లిపోతోంది.

“నేను గుర్తుపెట్టుకోనక్కర్లేదంటే, నా బదులు ఇంకోటేదో గుర్తుపెట్టుకుంటోందని అర్థమా?”

“ఊఁ.”

“ఆ ముక్క అప్పుడే అనాల్సింది.” కోపంగా అనలేదు. గ్లాసు బోర్లించి ఇంకోటి తీసుకుంది.

“ఇంకోటి చేసిస్తా. ఈసారి గట్టి తాళం వేసి. ఇప్పుడే వెళ్ళిపో వదినా ఆ గదికి, నేను సంచి తెస్తా.”

“ఏ గదికి? మీ అన్నయ్య ఫోన్లో ఉన్న గదికా?” స్నానాల గది వైపు చూసి గొంతు తగ్గించింది. “ఆ మేడమీద నేనొక్కదాన్నే కాదురా. ఒక పిల్ల దాక్కుని ఉంది, రాత్రిళ్ళు పక్కగదిలో పడుకుంటుంది. దాన్ని వెతికేవాడు వేరే ఉన్నాడు. ఈయన వెళ్ళి ఆ గుమ్మంలో నిలబడి కేకలేస్తే వీధి వీధంతా పైకి చూస్తుంది. అందుకే ఇకనుంచి ఆ గుమ్మం తొక్కనని ఒట్టేశాను. అయితే తనూ వెళ్ళనన్నాడు.”

“నమ్ముతున్నావా?”

“కూనిరాగం తీస్తున్నాడుగా. గెలిచాననుకుంటున్నాడు. కొన్నాళ్ళు వెళ్ళడు.”

“మరి పెడల్?”

“అక్కడే ఉంది. ఉండనీ.”

అతనికి ఏడవాలనిపించింది. ఏడుపు కూడా ఆమె నెత్తిమీదే పడుతుందని మింగేశాడు. నీళ్ళ చప్పుడు ఆగింది. వదిన కుళాయి ఇంకొంచెం తిప్పింది, ఈ చప్పుడు పెరిగేలా.

“ఏం చెయ్యమంటావు వదినా? ఏదైనా చేస్తా.”

“ఏదైనా వద్దు. ఒక్కటి చెయ్యి. చెప్పులేసుకుని ఇప్పుడే ఆవిడ దగ్గరికి వెళ్ళు. వైఫై పేరు మార్చమను, పాస్‌వర్డ్ మార్చమను. ఆ గది ఇంకెవరికైనా ఇచ్చెయ్యమను. నేనెందుకు రానో చెప్పు. నీ వంతు కూడా దాచకుండా చెప్పు.” తడిచేతులు చీర కొంగుకు తుడుచుకుంది. “ఆవిడ మంచిది, కొత్త పాస్‌వర్డ్ నీకు చెప్పబోతుంది. చెవులు మూసుకో.”