మూడు రోజుల నాయబ్

ఆ రోజుల్లో ఉద్యోగమంటే కుర్చీ అనుకునేవాణ్ణి. ములకలపల్లి అవతల ఒక మండలంలో (పేరు చెప్పను, మావాళ్ళు ఇంకా అక్కడ పనిచేస్తున్నారు) మా మంచినీళ్ళ ఆఫీసులో ఉన్నవాళ్ళు, ఉన్నవి ఇవి: ఇంజనీరు సారు ఒకరు, డిప్లొమాతో కొత్తగా చేరిన నేను, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ అటెండరు చాచా, చేతులున్న కుర్చీ ఒకటి, చేతుల్లేనివి రెండు, తాళం పడని బీరువా, స్టోరులో బోరింగు గొట్టాలు ఒక్కటే సెట్టు.

ఒక శనివారం సాయంత్రం సారుకు జ్వరం వచ్చింది. "మూడు రోజులు లీవు. ఇన్‌ఛార్జివి నువ్వే" అంటూ ఒక కాగితం నా చేతిలో పెట్టి, అంత జ్వరంలోనూ ఒక్క కిక్కుకే బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు. చాచా కాగితం చూసి "ముబారక్, నాయబ్ సాబ్!" అన్నాడు. ఆయన ఉర్దూ మీడియంలో చదివినవాడు, ఏ మాటకైనా మూలం చెప్పందే చాయ్ ఇవ్వడు. "నాయబ్ అంటే ఒకరి బదులు పనిచెయ్యనీకి పెట్టినోడు, బేటా. అరబ్బీ మాట. నవాబ్ అనేది గూడ దాన్లకెల్లే వచ్చింది." నాకు ఆ చివరి ముక్క ఒక్కటే చెవికెక్కింది.

ఆదివారం తిరుమలాయపాలెంలో ఇంటికెళితే, అమ్మ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది: "దేవుడు నా కొడుకును ఆఫీసరు కుర్చీల కూసోబెట్టిండు." అది మూడు రోజుల కుర్చీ అని నేను లేచి సవరించలేదు.

సోమవారం ఆ కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాను. ఒక్క సెట్టు గొట్టాలకు రెండు దరఖాస్తులున్నాయి. ఒకటి మండలంలో పెద్ద లీడరుది, తన ఇంటి ముందు బోరింగుకు. రెండోది అడవి అంచున ఉన్న గూడేనిది. నేను గళ్ళు గీసి పట్టిక వేశాను. లీడరు వీధిలో ఐదిళ్ళు, పనిచేసే బోరింగులు ఇంకో రెండు. గూడెంలో నలభై ఒక్క ఇళ్ళు, ఉన్న ఒక్క బోరింగూ చెడి నెలయింది, నీళ్ళకు వాగు దాకా నడక. లెక్క పావుగంటలో తేలింది. సంతకం మాత్రం మధ్యాహ్నమైనా పడలేదు.

అప్పుడే గూడెం నుంచి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. పెద్దామె గుమ్మంలోంచే అడిగింది. "సారేడి?"

"లీవులో ఉన్నారమ్మా. ఆయన బదులు నేను."

"అయితే సంతకం పెట్టు."

"ఇట్లాంటివి సారు వచ్చాక..."

"మా ఇంటాయన కూలికి పోతే ఊరి మీటింగుల ఆయన బదులు నేను కూసుంటా, కొడకా. నేను అవ్ అంటే ఆయన అవ్ అన్నట్టే. నీ మాట నడవకపోతే గా కుర్చీల ఎందుకు కూసున్నవ్? లే, నేను కూసుంటా!"

చాచా గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. ఆమె నిజంగానే రెండడుగులు ముందుకు వేసింది. లేవడం కంటే సంతకమే సులభమనిపించింది.

మర్నాడే గొట్టాలు ట్రాక్టరెక్కాయి. సాయంత్రానికి గూడెంలో నీళ్ళు పడ్డాయి.

గురువారం సారు జుట్టుకు కొత్త రంగుతో వచ్చాడు, వెనకే లీడరు. "నా గొట్టాలేవి?" అంటే సారు చేతులు జోడించాడు. "నేను లేనన్నా, జ్వరం. గీ పిలగాడు పెట్టిండు సంతకం." తర్వాతి అరగంటలో నేను చాలా మాటలు విన్నాను. వాటి మూలాలు చాచా కూడా చెప్పలేదు.

లీడరు వెళ్ళాక సారు తన చాయ్ నావైపు జరిపాడు. "గూడేనికే ఇయ్యాలని నాకు తెల్వదా? నేనిస్తే రేపే నన్ను బదిలీ చేపిస్తడు. నువ్వు కొత్తోనివి, నిన్నేం చేస్తడు?"

"సమజైందా బేటా?" అన్నాడు చాచా. "బదులంటే గిదే."

నాకు రావలసిన కోపం రాలేదు. గూడెంలో నీళ్ళు పడ్డాయన్న సంతోషం ఇంకా దిగలేదు మరి. ఇప్పుడు నేనూ సారునే, వేరే మండలంలో. నా దగ్గరా డిప్లొమా కుర్రాళ్ళున్నారు, గళ్ళు గీసి పట్టికలు వేస్తారు, ముచ్చటేస్తుంది. ఇంతవరకు నేను వాళ్ళకు రాసిచ్చిన ఇన్‌ఛార్జి కాగితాలు ఆరు.