అప్పన్నను తప్పు మీటింగుకు తీసుకెళ్లాను

2023లో నేను మలేషియాలోని బంటింగ్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో నర్సుగా ఉన్నాను. ఇక్కడ నర్సును మిస్సీ అని పిలుస్తారు. మా దగ్గరికొచ్చే తెలుగువాళ్లలో అప్పన్న ఒకరు. అసలు పేరు వేరు. వయసు యాభై నాలుగు, ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు. సంసు అనే చవక సారాతో ఆయనకు ముప్పై ఏళ్ల స్నేహం.

ఆ ఏడు ఆయన లివర్ పరీక్ష కాగితం చూసి డాక్టరుగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చూశారు. ఇంకోసారి తాగి బండెక్కితే ఉద్యోగం ఉండదని ఫ్యాక్టరీవాళ్లూ చెప్పేశారు. ఏళ్ల తరబడి తాగిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఒళ్లు వణుకుతుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. దాన్ని విత్‌డ్రాయల్ అంటాం. ఆస్పత్రిలో ఉంచి ఆ గండం దాటించారు. మళ్లీ మొదలుపెట్టకుండా చూడటమే మిగిలింది. అందుకు డాక్టరుగారు చీటీ మీద ‘సపోర్ట్ గ్రూప్’ అని రాసి నా చేతికిచ్చారు. తాగుడు మానేసినవాళ్లు కలుసుకుని ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే చోటన్నమాట. ఎక్కడో, ఎప్పుడో రాయలేదు.

వెతకడం నా పని అయింది. మొదటి నంబరు ఎవరూ ఎత్తలేదు. రెండోది ఒక టైర్ల కొట్టుకు వెళ్లింది. ఆ మనిషి ఓపిగ్గా విని, దొరికితే తన బావమరిది కోసం తనకూ చెప్పమన్నాడు. చివరికి ఒక చర్చి ఆఫీసులో చెప్పారు: దగ్గర్లోని క్లాంగ్ పట్నంలో, బట్టల కొట్టు ఉన్న బిల్డింగులో, రెండో అంతస్తు, శనివారం నాలుగింటికి, తమిళంలో.

అప్పన్న రానన్నాడు. క్లాంగ్ నిండా తన చుట్టాలేనట, చూస్తే పరువు పోతుందట. ఆయన తాగుడు సంగతి బంటింగ్ అంతటికీ తెలుసని నేను అనలేదు. నేనూ వస్తానని, నా కారులోనే వెళ్దామని ఒప్పించాను. శనివారం టోపీ, మాస్కు, నల్ల కళ్లద్దాలతో వచ్చాడు. కారెక్కేలోపు ముగ్గురు ఆయన్ని పేరు పెట్టి పలకరించారు.

క్లాంగ్‌లో బిల్డింగు దొరికింది. నేను బట్టల కొట్టును మొదటి అంతస్తుగా లెక్కేసుకుని, దాని పైనున్నదే రెండోది అనుకున్నాను. తలుపు తీసే ఉంది. లోపల ఇరవై మంది దాకా కూర్చున్నారు. ఒకావిడ నిలబడి, తాను ఇందులో చేరి ఆరు నెలలైందని, ఒంట్లో ఓపిక వచ్చిందని, జీవితమే మారిపోయిందని చెబుతోంది. అందరూ చప్పట్లు కొట్టారు. సరైన చోటికే వచ్చామని నాకు సంతోషమేసింది.

తర్వాత లేచినాయన, పొద్దున పరగడుపున ఒక గ్లాసు, పడుకోబోయే ముందు ఒక గ్లాసు తప్పకుండా తాగుతున్నానన్నాడు. మళ్లీ చప్పట్లు.

అప్పన్న నా వైపు వంగాడు. “మిస్సీ, ఈళ్లు మానేసినోళ్లా, మొదలెట్టినోళ్లా?”

ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం ఇక్కడి పద్ధతేమోనని గొణిగాను. ఇంతలో ముందు నిలబడ్డ టై కట్టుకున్నాయన, కొత్తవారు కూడా తమ కథ చెప్పాలన్నాడు. అప్పన్న లేచాడు. టోపీ తీశాడు, కళ్లద్దాలు తీశాడు, మాస్కు తీశాడు. తమిళంలో మొదలుపెట్టి, మధ్యమధ్యలో తెలుగులోకి జారిపోతూ అంతా చెప్పేశాడు. కూతురు డిగ్రీ పట్టా తీసుకునే రోజున హాలు బయట కారులో తాగి పడుకున్నాడట. ఆ పిల్ల ఇప్పటికీ ఆ సంగతి ఎత్తలేదట. తిట్టినా బాగుండేదన్నాడు. “నానే సెడగొట్టుకున్నాను,” అని కూర్చున్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టై ఆయన మాత్రం, తమ మూలికల రసం లివర్‌కు కూడా మంచిదని, మొదటి సీసాకు తగ్గింపు ఉందని చెప్పాడు. అప్పుడు చూశాను, గోడ నిండా సీసాల బొమ్మలు. మేం కూర్చున్నది రసం అమ్మేవాళ్ల మీటింగులో.

బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాం. ఆయన ఇంటికి పోదామంటాడనుకున్నాను. అంతలో వెనకనుంచి ఆ ఆరు నెలలావిడ రొప్పుతూ వచ్చింది. తాగుడు మానేసినవాళ్లు కలిసేది ఈ పై అంతస్తులోనని చూపించి, అప్పన్నతో మెల్లగా అంది: “అన్నా, మీరు వెళ్లి ఎలా ఉందో చూసి చెప్పండి. బాగుంటే మా ఆయన్ని తీసుకొస్తాను.”

తనను సాయం అడిగినవాళ్లు ఈమధ్య ఎవరూ లేరనుకుంటాను. అప్పన్న చొక్కా సర్దుకుని నాకంటే ముందు మెట్లెక్కాడు.

పైన ఏడుగురే ఉన్నారు. టీ, బిస్కెట్లు. ఆయన మళ్లీ చెప్పాడు, ఈసారి తడబడకుండా. కింద ఒకసారి చెప్పి వచ్చానని కూడా అన్నాడు. ఒక పెద్దాయన టీ ఒలికేలా నవ్వి, తానైతే ఆ రసం రెండు సీసాలు కొన్నాకే పైకి వచ్చానన్నాడు.

అప్పటినుంచి ఏ రోగినైనా పంపాలంటే ముందు నేను వెళ్లి ఆ గది చూసి వస్తున్నాను. కానీ అసలు పాఠం అయిదు నెలల తర్వాత వచ్చింది. మేనల్లుడి పెళ్లిలో అప్పన్న తాగాడు. మానినవాళ్లు మళ్లీ తాగడాన్ని రిలాప్స్ అంటాం. ఇలాంటి కబురు మాకు ఎప్పుడూ భార్యల నుంచే వచ్చేది. ఈసారి మర్నాడు పొద్దున్నే ఆయనే ఫోన్ చేశాడు.

“తాగినాను మిస్సీ. శనివారం ఎల్లి ఆళ్లకి సెప్తాను.”

కారు తీసుకొస్తానన్నాను.

“ఒద్దమ్మా. నువ్వు పని సూసుకో. నాను ఎల్తాను.”

ఫైలులో రిలాప్స్ అని రాశాను. అంత నవ్వుతూ ఆ మాట నేనెప్పుడూ రాయలేదు.