సోషల్ సార్‌తో తెగని వాదన

ఆదివారం పొద్దున బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. సోషల్ సార్ కూతురు. "ఆంటీ, డాడీ పోయిండు" అంది. వెనక ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో ఎవరినో కుర్చీలు తెమ్మంటున్నారు. చర్చికి తయారవుతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం మీద కూర్చున్న మనిషి అట్లాగే ఒరిగిపోయారట. దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయిందట. తడి చీర చేతిలో పట్టుకుని నేను ఏవేవో అడిగాను. ఫోన్ పెట్టేశాక నాకు మొదట ఏడుపు రాలేదు, మా వాదన గుర్తొచ్చింది. ఎండలు ముదిరాయని బడులు ముందే మూసేయాలా వద్దా అని అంతకు కొద్దిరోజుల ముందే ఫోన్లో గట్టిగా వాదించుకున్నాం. నేనెక్కాల్సిన బస్సు రావడంతో అది సగంలో ఆగింది. ఆ తర్వాత ఆలోచించి మంచి జవాబొకటి తయారు చేసి పెట్టుకున్నాను. ఇప్పుడది ఎవరికి చెప్పాలి?

ఆ రోజంతా ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. ఇది రాస్తున్నప్పుడు కూడా రెండుసార్లు లేచి వాకిట్లోకి పోయి వచ్చాను.

శంషాబాద్ దాటాక, విమానాశ్రయం ప్రహరీకి అవతల ఉండే ఒక ఊరి హైస్కూల్లో మేమిద్దరం చాలా ఏళ్లు కలిసి పనిచేశాం. ఆయనది సాంఘికశాస్త్రం, నాది జీవశాస్త్రం. సొంతూరు తుక్కుగూడ దగ్గర, కాపురం అత్తాపూర్‌లో. రోజూ ఆరాంఘర్ చౌరస్తాను తిట్టుకుంటూ స్కూటర్ మీద వచ్చేవారు. హెల్మెట్ తీస్తూనే, "చెల్లె, పేపర్ల చూసినవా?" అని మొదలుపెట్టేవారు. నేను ఏ పక్షమంటే ఆయన రెండో పక్షం. ప్రార్థన గంట కొట్టేసరికి మా గొంతులు స్టాఫ్‌రూమ్ దాటి వరండాలోకి వచ్చేవి. కొత్తగా వచ్చిన టీచర్లు మాకు మాటల్లేవనుకునేవారు. మధ్యాహ్నం నా డబ్బాలోంచి ఆయన పచ్చడి వేసుకోవడం చూశాక గాని వాళ్ల మనసు కుదుటపడేది కాదు.

మా బడి మీదుగా విమానాలు చాలా కిందుగా పోతాయి. ఆ మోతలో పాఠం వినపడదు. మిగతావాళ్లం గొంతు పెంచి అరిచేవాళ్లం. సార్ మాత్రం అరచెయ్యి పైకెత్తి ఆగిపోయేవారు. మోత తగ్గాక, ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు. స్టాఫ్ మీటింగుల్లో ఎవరైనా కేకలేస్తే కూడా అంతే. చెయ్యెత్తి, "విమానం పోనియ్యిండ్రి, తర్వాత మాట్లాడుకుందాం" అనేవారు. నవ్వొచ్చి సగం కోపం అక్కడే పోయేది.

కరోనా వచ్చింది. బడి మూతపడింది, మా నెత్తిమీది ఆకాశం కూడా మూతపడింది. టీవీలో పాఠాలు, ఫోన్లో పాఠాలు మొదలయ్యాయి. మా పిల్లల ఇళ్లలో ఫోన్ ఒకటే ఉండేది; తండ్రి డ్యూటీకి పోతే ఫోన్ కూడా డ్యూటీకి పోయేది. నేను ఫోన్ చేస్తే ఎత్తేది పిల్లలు కాదు, ఏ లారీలోనో ఉన్న తండ్రులు.

కొన్ని నెలలకు, పెద్ద తరగతులకైనా బడి తెరవాలని మాట మొదలైంది. పై నుంచి అడుగుతున్నారు, మనమేం చెబుదామని హెడ్మాస్టరుగారు మీటింగ్ పెట్టారు. ఆవరణలో వేపచెట్టు కింద కుర్చీలు దూరం దూరంగా వేశారు. కొందరు తల్లిదండ్రులు కూడా వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు.

నేనే ముందు లేచాను. తెరవాలన్నాను. అంతకు ముందు వారమే మా తొమ్మిదో తరగతి అమ్మాయిని ఒక గోదాములో చూశాను. అట్టపెట్టెలకు టేపు వేస్తోంది. నన్ను చూసి మాస్కు ఇంకొంచెం పైకి లాక్కుంది. ఆ సంగతి చెప్పి, "ఇంకొన్ని నెలలు గిట్లనే ఉంటే ఆ పిల్ల మనకు దొరకదు సార్" అన్నాను.

సోషల్ సార్ లేచారు. "ఒక పిల్లను తెచ్చుకుందామని, అందరి ఇండ్లకు రోగం పంపుదామా? ఒక్కటే అర్రల తాతా మనుమడు పండుకునే ఇండ్లు ఇవి. పొద్దంత మన దగ్గర కూసున్న పిల్లగాడు రాత్రి ఆ ముసలాయన పక్కకే పోతడు."

"ఒక్క పిల్ల కాదు సార్, ఎందరున్నరో మీకు తెల్వదా?" అని నేను అరిచాను.

గేటు దగ్గరి ఒక తండ్రి అందుకున్నాడు. "మేం పనికి పోతలేమా? ఎయిర్‌పోర్టుల ఊడ్చెటోళ్లు పోతలేరా? సార్లకే పాణాలున్నయా?"

"నీది కూడా పాణమే అన్నా" అన్నారు సార్. "నువ్వు తప్పక పోతున్నవు. తప్పక పోవుడు వేరు, అది మంచిదని చెప్పుడు వేరు. నువ్వు కూడా పోవద్దనే అంటున్న నేను."

అప్పుడు లెక్కల సార్ మెల్లగా, "మీ ఇంట్ల మేడమ్ ఆరోగ్యం బాగలేదు కాబట్టి మీకు భయం సార్. అది మాకు అర్థమైతది" అన్నారు. అందరం తల దించుకున్నాం. సార్ భార్యకు కిడ్నీలు పాడై డయాలసిస్ నడుస్తోంది. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

సార్ కోపగించుకుంటారనుకున్నాను. "అవ్, భయమే" అన్నారు. "టీచరైతే భయపడొద్దా? నా భయం నేను చెప్తున్న. మన వంటక్కకు షుగర్ ఉన్నది. ఆమె భయం ఎవరు చెప్పాలె?"

మధ్యాహ్న భోజనం వండే అక్క అక్కడే గోడకు ఆనుకుని ఉంది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ముందుకొచ్చింది. "నా గురించి పరేషాన్ గాకుండ్రి సారూ. బడి బంద్ అయినకాంచి నాకు పనే లేదు. రోగం వస్తదో రాదో. ఆకలైతే రోజూ అయితున్నది గద."

సార్ ఆమె వైపు తిరిగారు. "ఇగ నేనేం చెప్పాలె అక్కా" అని కూర్చున్నారు. కూర్చున్నాక కూడా, "అయినా నా మాట మార్చుకుంట లేను. అట్లనే రాయిండ్రి" అన్నారు హెడ్మాస్టరుగారితో.

తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. సార్ సెలవు పెడతారని కొందరు పందెం కూడా వేసుకున్నారు. మొదటిరోజు నేను పోయేసరికే ఆయన కిటికీలకు తుప్పు పట్టిన గడియలు ఊడదీస్తున్నారు. "మూసిపెట్టి చెప్తె నేను ఊకోను" అన్నారు. మబ్బు పట్టిన రోజు తప్ప ఆయన పాఠాలన్నీ చెట్టు కిందే.

ఆయన బడి ఉన్న ఊళ్లోనే ఒక గది కిరాయికి తీసుకున్నారని రెండు మూడు రోజులకు తెలిసింది. బడిలో తిరిగిన ఒంటితో ఇంటికి పోకూడదని. సార్ భార్యను నేను వదిన అంటాను. ఆమెను డయాలసిస్‌కు తీసుకుపోవడం కూతురు చూసుకునేది. ఆదివారం ఆదివారం స్కూటర్ మీద అత్తాపూర్ పోయి, అపార్ట్‌మెంటు ముందు రోడ్డు మీద నిలబడేవారు. వదిన పైన బాల్కనీలోకి వచ్చేది. ఒకరినొకరు చూసుకుంటూ ఫోన్లో మాట్లాడుకునేవారు. ఒకసారి నేనూ పక్కనే ఉన్నాను. పండ్లిద్దామని పోయాను. "కూర ఏం వండుకున్నవు?" అని ఆమె అడిగింది. "బెండకాయ" అన్నారు సార్. "జిగట ఇగిరిందా?" అని ఆమె. ఆయన ఎండ కళ్లలో పడుతున్నట్టు ముఖం పక్కకు తిప్పుకున్నారు.

గోదాములో పనిచేసే ఆ అమ్మాయి మాత్రం బడికి రాలేదు. ఒకనాడు సార్, "పా చెల్లె, పోయి అడుగుదాం. తెరిపించినవు గద, ఆ పిల్ల లేని బడి ఎందుకు?" అన్నారు. ఇద్దరం పోయాం. తల్లి వాకిట్లో బియ్యం ఏరుతోంది. "ఇప్పుడొచ్చిన్రా? మళ్ల ఎప్పుడు బంద్ వెడ్తరో మీకే తెల్వదు. నేను దీని పని ఇడిపించి తోలితే, రేపు మళ్ల ఆ పని ఎవలిస్తరు?" అంది.

సార్ అరుగు మీద కూర్చుని, "నువ్వన్నది నిజమేనమ్మా. బంద్ గాదని మాటియ్యలేను. బంద్ అయినా పిల్లను నేను మర్చిపోనని మాత్రం చెప్తున్న" అన్నారు. తల్లి మళ్లీ బియ్యం ఏరడంలో పడింది. ఆ వారంలోనే ఆ అమ్మాయి వచ్చి వెనక బెంచీలో కూర్చుంది.

ఆ తల్లి అన్నట్టే బడి మళ్లీ మూతపడింది. రెండోసారి జబ్బు మొదటిదానికన్నా ఘోరంగా వచ్చింది. మా హిందీ మేడమ్‌కు జ్వరం వచ్చింది. మాలో అందరికన్నా చిన్నది, ఎప్పుడూ నవ్వే మనిషి. ఆక్సిజన్ పడక కోసం సార్, నేను, లెక్కల సార్ పొద్దంతా ఫోన్లు చేశాం. పడక దొరికింది గాని మనిషి దక్కలేదు. బడిలో అంటుకుందో, బస్సులో అంటుకుందో, అంతకు ముందు పోయిన పెళ్లిలో అంటుకుందో ఎవరూ చెప్పలేరు. చెప్పలేకపోవడమే నన్ను తినేసింది.

సార్ ఏమంటారోనని ఎదురుచూశాను. 'నేను అప్పుడే చెప్పిన' అనే హక్కు ఆయనకుంది. ఆయన అనలేదు. నేనే ఆగలేక ఫోన్ చేశాను. "సార్, మీ మాటే నెగ్గి ఉంటే మేడమ్ బతికుండేదా?"

"ఉండునేమో" అన్నారు సార్. "నా మాట నెగ్గితే ఆ పిల్ల పెట్టెలకు టేపేసుకుంట ఉండు. ఈ రెండు పక్కపక్కకు వెట్టి తూచుడు నాతోని గాదు చెల్లె. నీతోని గూడ గాదు. గని మనం మాట్లాడుకునుడు బంద్ జేస్తే, ఇగ దీని గురించి మాట్లాడెటోళ్లే ఉండరు."

అందుకేనేమో, ఆ తర్వాత ఆయన రిటైరైనా ఫోన్ చేయడం మానలేదు. ఆయన కాసేపు నా పక్షం, నేను కాసేపు ఆయన పక్షం కూడా మాట్లాడి చూశాం. తెగలేదు. తెరవాల్సిందేనని నేను ఇప్పటికీ అంటాను. అన్న ప్రతిసారీ హిందీ మేడమ్ కుర్చీ గుర్తుకొస్తుంది.

సోమవారం సార్‌ను వాళ్ల ఊరి సమాధుల తోటకు తీసుకుపోయారు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక వదిన నా చెయ్యి పట్టుకుంది. ఎక్కువ ఏళ్లు బతకదని డాక్టర్లు చెప్పిన మనిషి ఆమె. ఆమె మిగిలింది, ఆయన పోయారు. "నీతోని లొల్లి వెట్టుకున్నరోజు రెండు ముద్దలు ఎక్కువ తింటుండె" అంది. అంతవరకు ఆపుకున్నదంతా అప్పుడు వచ్చేసింది నాకు.

ఆ అమ్మాయి కూడా వచ్చింది. పది పాసై, ఇంటర్ అయ్యాక, ఇల్లు గడవక మళ్లీ గోదాముకే పోతోంది. మెరిసే చారల డ్యూటీ కోటుతోనే పనిలోంచి నేరుగా వచ్చేసింది. "సార్ ఎప్పుడు కనబడ్డా తిడ్తుండె మేడమ్, చదువు ఎందుకాపినవని. డిగ్రీకి ఓపెన్ యూనివర్సిటీల ఫీజు కట్టిన. సార్‌కు ఇంకా చెప్పనే లేదు" అంది. గుప్పెడు మట్టి తీసి ఆమె చేతిలో పెట్టాను.

మర్నాడు బడికి పోయాను. తొమ్మిదో తరగతిలో పాఠం సాగలేదు. పుస్తకం మూసి, కరోనాలో టీచర్లు బడికి రావాలా వద్దా అని పిల్లలను అడిగాను. అప్పుడు వాళ్లు చిన్న క్లాసుల్లో ఉన్నవాళ్లు. కిటికీ పక్కనున్న అమ్మాయి లేచి, "వద్దు టీచర్. మా తాత గప్పుడే పోయిండు" అంది. "రావాలె! రెండేండ్లు బంద్ వెడ్తె నాకు చదువుడే రాకపాయె" అన్నాడు వెనక నుంచి ఒక అబ్బాయి. ఇంకొకరు లేచారు, ఇంకొకరు. భోజనం గంట కొట్టారు. ఎవరూ ఆగలేదు. కంచాలు చేతిలో పట్టుకుని, వరుసలో నిలబడి కూడా వెనక్కి తిరిగి ఒకరి మాటకు ఒకరు అడ్డం పోతున్నారు. గరిటె ఎత్తిన అక్క అన్నం వడ్డించడం మరిచి వింటోంది.